కూర్చోలేకపోవడం జబ్బు వల్లనా, మందు వల్లనా?

కరీంనగర్ అక్క:
స్కిజోఫ్రీనియా ఉన్న మా తమ్ముడికి హాలోపెరిడాల్ మోతాదు పెంచాక చెవిలో మాటలు వినిపించడం తగ్గింది గానీ, ఇప్పుడు ఒక్కచోట కూర్చోలేకపోతున్నాడు. అన్నం కూడా నిలబడే తింటూ, వసారా ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతూనే ఉంటున్నాడు. జబ్బు తిరగబెట్టిందని ఇంట్లో అంటున్నారు. ఎవరికైనా ఇలా ఎదురైందా?

వార్డు నర్సు:
అమ్మా, మీరు చెప్పిన తీరును బట్టి ఇది అకథీసియా, అంటే మందు వల్ల ఒక్కచోట నిలవలేని దుష్ప్రభావం, కావచ్చు. దీన్ని ఉద్రేకమనుకుని మోతాదు ఇంకా పెంచితే బాధ రెట్టింపవుతుంది, వార్డుల్లో కూడా ఇది జరుగుతూనే ఉంటుంది. "నీకే నడవాలనిపిస్తోందా, కాళ్లే ఉండనివ్వడం లేదా?" అని మేము అడుగుతాము, చాలామంది "లోపల ఏదో తరుముతోంది" అంటారు. మోతాదు మారిన తేదీ, తిరుగుడు మొదలైన తేదీ ఒకే కాగితం మీద రాసి డాక్టరుకు చూపండి. మోతాదు తగ్గించాలా, ఈ తిరుగుడును తగ్గించే ప్రొప్రనాలాల్ మాత్ర చేర్చాలా అన్నది వారు నిర్ణయిస్తారు; తమ్ముడికి ఉబ్బసం ఉంటే మాత్రం ముందే చెప్పాలి. మీ అంతట మీరు మందు ఆపవద్దు. అయితే తీవ్రమైన జ్వరం, ఒళ్లంతా కొయ్యబారడం, మతి తప్పడం కలిసి కనిపిస్తే తరువాతి మాత్ర ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

గుంటూరు నాన్న:
మా అమ్మాయికి ఇలాంటి జబ్బుకే క్లోజాపిన్ అనే మందు ఇస్తున్నారు. మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష చేయించాలని చెప్పారు, ఎందుకంటే తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. గొంతునొప్పి, జ్వరం వస్తే తరువాతి పరీక్ష తేదీ దాకా ఆగకుండా ఆ రోజే పరీక్షకు వెళ్తాము. అందరూ రక్తం గురించే హెచ్చరిస్తారు గానీ, మలబద్ధకాన్ని తేలికగా తీసుకుంటారు. ఈ మందుతో అది పేగు కదలికనే ఆపేసి ప్రాణాల మీదకు తేగలదు, కాబట్టి విరేచనం అయిన రోజులను క్యాలెండరు మీద గుర్తు పెడతాము. రాత్రి చొంగ కారుతుంది. దిండు మీద తువ్వాలు పరిచి, పక్కకు తిరిగి పడుకోబెడితే కొంత నయం.

రామగుండం నుంచి:
ఎండాకాలం జాగ్రత్త. ఈ మందులు వేసుకునేవారికి వడదెబ్బ త్వరగా తగులుతుంది, దాహం వేయలేదన్నా నీళ్లు తాగించాలి.

కరీంనగర్ అక్క:
సిస్టర్, ప్యాసిటేన్ అనే వణుకు మాత్ర ఇప్పటికే ఇస్తున్నారు. అది దీనికి పనిచేయదా?

వార్డు నర్సు:
చేతుల వణుకుకు, బిగుసుకుపోవడానికి, మెడ పక్కకు లాగేయడానికి అది బాగా పనిచేస్తుంది గానీ, ఈ తిరుగుడుకు అంతగా పనిచేయదు. పైగా నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మతిమరుపు తెస్తుంది, చెమటనూ తగ్గిస్తుంది; రామగుండం వారు చెప్పిన ఎండ ముప్పు దానితో ఇంకా పెరుగుతుంది. ఎన్నాళ్లు వాడాలో ఈసారి చీటీ మీద రాయించుకోండి.