బండిల్‌లో వేరే కంపెనీ గేమ్ ఇస్తే ఆ డబ్బులు ఎవరు కడతారు?

ఏడురోడ్ల కుర్రోడు (శ్రీకాకుళం):
మా బావ షాపులో కూర్చుంటానండి, మొబైల్స్‌తో పాటు ఈమధ్య చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్స్ కూడా తెప్పిస్తన్నాం. వచ్చినోళ్ళందరూ ఒట్టి మెషిన్ వద్దు, గేమ్ కలిపి ఉన్న బాక్సే (బండిల్) ఇయ్యి అంటన్నారు. కంపెనీ సొంత గేమ్ పెడితే సరే, వేరే స్టూడియో గేమ్ పెడితే ఆ స్టూడియోకి ఏటి మిగుల్తాది? బయట ఫుల్ రేటుకి అమ్ముకునేది ఎందుకు ఇచ్చీడం?

పలాస జీడిపప్పు:
తమ్ముడూ ఇది నింటెండో కంపెనీ చేతి కన్సోల్ గేమ్ బాయ్ కాలం నాటి లెక్కే. 1989లో అమెరికాలో 89.99 డాలర్లకి దింపినప్పుడు నింటెండో బాక్సులో పెట్టింది వాళ్ళ సొంత గేమ్ మారియో కాదు, టెట్రిస్, అది వాళ్ళ గేమే కాదు, 1984లో మాస్కోలో పజిత్నోవ్ అనే ప్రోగ్రామర్ చేసింది. మారియో పెడితే మగపిల్లలే కొంటారు, టెట్రిస్ పెడితే అందరూ కొంటారని, టెట్రిస్ హక్కుల కోసం తిరిగిన హెంక్ రోజర్స్ నింటెండోని ఒప్పించాడు. అంటే గేమ్ ఇచ్చింది అసలు మెషినే కొనని మనిషి కోసం. మెషిన్ ఇంట్లోకి వెళ్ళాక అతను కొనే ప్రతి క్యాట్రిడ్జ్ (గేమ్ ఉండే చిన్న డబ్బా) మీదా, వేరే కంపెనీదైనా సరే, నింటెండోకి డబ్బే. అదే ఏడాది అటారీ కంపెనీ చేతి కన్సోల్ లింక్స్ కూడా ఎపిక్స్ అనే వేరే కంపెనీ గేమ్ కలిపి, కలర్ స్క్రీన్‌తో వచ్చింది, కానీ దాదాపు 180 డాలర్లు, పైగా 6 బ్యాటరీలు తినీసేది, నిలబడలేదు. మెషిన్ రేటే ఎక్కువైతే బండిల్ ఏటి కాపాడుతాది. పజిత్నోవ్‌కి మాత్రం 1996 దాకా రాయల్టీ రాలేదు, ఆ మాట తల్చుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతాది.

గంటస్తంభం మాస్టారు (విజయనగరం):
లెక్క వేసి చూడు బాబూ. రాజు కన్సోల్‌కి 20,000, గేమ్‌కి 1,000 పెట్టగలడు. సూరి కన్సోల్‌కి 18,000, గేమ్‌కి 3,000. విడివిడిగా అమ్మితే కన్సోల్ 18,000కి ఇద్దరికీ, గేమ్ 3,000కి సూరికొక్కడికే, మొత్తం 39,000. రెండూ కలిపి 21,000 అంటే ఇద్దరూ కొంటారు, 42,000. సినిమాలు కట్టగట్టి అమ్మడం గురించి 1963లో స్టిగ్లర్ అనే ఆర్థికవేత్త చెప్పింది ఇదే. ఆ ఎక్కువొచ్చిన 3,000లోంచే స్టూడియో వాటా, ఒకేసారి ఇంత అనో, బాక్సుకింత అనో మాట్లాడుకుంటారు. బాక్సుకొచ్చేది తక్కువే, కానీ షాపు మార్జిన్ లేదు, యాడ్ ఖర్చు లేదు, డబ్బు ముందే ఖాయం. అందుకే అమ్మకాలు తగ్గిపోయిన గేములే ఎక్కువగా బండిల్స్‌లోకొస్తాయి, 2014లో సోనీ చేతి కన్సోల్ వీటాతో బోర్డర్‌లాండ్స్ 2 ఇచ్చినప్పుడు అసలు గేమ్ 2012ది. కన్సోల్ కంపెనీకి ఇంకో సుఖం, మెషిన్ రేటు ఒకసారి దించితే మళ్ళీ పెంచడం కష్టం, బండిల్ అయితే పండగయ్యాక తీసీయొచ్చు.

ఏడురోడ్ల కుర్రోడు:
చాలా థాంక్స్ మాస్టారూ. మరి బాక్సు విప్పి గేమ్ విడిగా అమ్మీయొచ్చా?

పలాస జీడిపప్పు:
క్యాట్రిడ్జ్ అయితే అమ్ముడుపోతాది గానీ ఇప్పుడు చాలావాటిలో కోడ్ కాయితమే ఉంటాది, ఒకసారి వాడితే అయిపోయింది, అలాంటిది సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కి రాదు. పైగా ఇంపోర్ట్ సరుకైతే కోడ్ ఏ దేశానిదో చూసుకో, వేరే దేశం అకౌంట్లో ఎక్కకపోవచ్చు, కస్టమర్‌కి అమ్మేముందే చెప్పీ.