సీఓపీడీ రోగికి నెబ్యులైజేషన్ పెట్టాక మగత ఎందుకొస్తోంది?

ప్రశ్న (స్టాఫ్ నర్స్, ఒంగోలు):
అక్కలకు, సార్లకు నమస్తే. జనరల్ వార్డు నుంచి ఛాతీ వార్డుకి కొత్తగా మారాను. సీఓపీడీ (శ్వాసనాళాలు మూసుకుపోయే దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు) వాళ్లకి శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 88–92 మధ్య ఉంచమని కేస్‌షీట్‌లో రాస్తారు. ముక్కు గొట్టంతో 2 లీటర్ల మీద 90 ఉన్న మనిషికి నెబ్యులైజేషన్ (మందుని ఆవిరిలా పీల్పించడం) పెట్టగానే 98, 99కి పోతోంది. కాసేపటికి మగతగా పడుకుంటాడు. వెంట వచ్చినవాళ్లేమో "ఇప్పటికి కంటినిండా నిద్ర పట్టింది" అంటారు. ఎక్కడ తేడా జరుగుతోంది?

జవాబు 1 (ఛాతీ వార్డు, నెల్లూరు):
తేడా నెబ్యులైజర్‌ని గోడ ఆక్సిజన్‌తో నడపడంలోనే ఉందమ్మా. మందు ఆవిరి కావడానికి 6–8 లీటర్ల ఫ్లో కావాలి, ఆ ఆక్సిజనంతా రోగి పీలుస్తాడు. ఎక్కువ ఆక్సిజన్ అందేసరికి, ఊపిరితిత్తుల్లో గాలి సరిగా ఆడని భాగాలకీ రక్తం మళ్లుతుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ బయటికి పోదు, రక్తంలో పేరుకుంటుంది, మగత దానివల్లే. అది పేరుకోవడానికి ఊపిరి వేగం తగ్గడం ఒక్కటే కారణం కాదు.

కరెంటు కంప్రెసర్ మెషిన్‌తో పెట్టండి, మాస్క్ కింద ముక్కు గొట్టం 2 లీటర్ల మీద అలాగే ఉంచండి. కంప్రెసర్ లేకపోతే ఆక్సిజన్‌తోనే 6 నిమిషాలు, అంతకు మించొద్దు. మందులో ఎక్కువ భాగం ఆలోపే అందుతుంది, కప్పులో చివరి బొట్టు దాకా ఆగక్కర్లేదు.

శ్వాసనాళాలను వదులుచేసే మందులు సాల్బుటమాల్ 2.5 మిల్లీగ్రాములు, ఐప్రాట్రోపియం 500 మైక్రోగ్రాములు కలిపాక 4 మిల్లీలీటర్లు రాకపోతే నార్మల్ సెలైన్ పోయండి. డిస్టిల్డ్ వాటర్ మాత్రం వద్దు, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. గ్లకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉంటే మాస్క్ బదులు మౌత్‌పీస్ వాడండి, ఐప్రాట్రోపియం కళ్లల్లో పడకూడదు. బ్యుడెసొనైడ్ (స్టెరాయిడ్ మందు) పెడితే తర్వాత నోరు పుక్కిలించి ముఖం కడిగించండి.

జవాబు 2:
పై అక్క చెప్పింది నిజం. ఇంకో మాట: 99 చూసి కంగారుపడి ఆక్సిజన్ ఒక్కసారిగా తీసేయకండి. శాచురేషన్ మొదట ఉన్నదానికన్నా కిందికి పడిపోతుంది. వెంచురీతో (వాల్వ్ ద్వారా బయటి గాలి కలిపి ఆక్సిజన్‌ని కచ్చితమైన శాతంలో ఇచ్చే మాస్క్) 28 శాతానికో 24 శాతానికో దించండి.

సాధారణంగా నీలం వాల్వ్ 24 శాతం, 2 లీటర్లు; తెల్లది 28 శాతం, 4 లీటర్లు. కంపెనీని బట్టి రంగులు మారతాయి, వాల్వ్ మీద అచ్చేసింది చదవండి. ఫ్లో పెంచితే శాతం పెరగదు, వాల్వే మార్చాలి. ఊపిరి నిమిషానికి 30 దాటితే మాత్రం రాసినదానికన్నా సగం ఎక్కువ ఫ్లో ఇవ్వండి. చలికి కప్పిన దుప్పటి వాల్వ్ కిటికీలను మూసేస్తే బయటి గాలి కలవక శాతం పెరిగిపోతుంది. రాత్రి డ్యూటీలో ఇదొకటి తప్పకుండా చూడాలి. మామూలు మాస్క్‌ని 5 లీటర్లకన్నా తక్కువ మీద ఎప్పుడూ పెట్టొద్దు, వదిలిన గాలినే మళ్లీ పీలుస్తాడు.

జవాబు 3 (ఐసీయూ):
నిద్రో మగతో తేల్చుకోవాలంటే లేపండి. చేతులు ముందుకు చాపి మణికట్లు పైకి వంచమనండి. చేతులు రెక్కల్లా కొట్టుకున్నా, అరచేతులు వెచ్చగా ఉండి నాడి బలంగా కొట్టుకున్నా, తలనొప్పి అన్నా వెంటనే డాక్టర్‌కి చెప్పండి. ఆక్సిమీటర్‌ని నమ్ముకోకండి, అది కార్బన్ డయాక్సైడ్‌ని చూపించదు. ఊపిరిని నిండు నిమిషం లెక్కపెట్టండి.

ఏబీజీ (ధమని నుంచి రక్తం తీసి వాయువులు చూసే పరీక్ష) తీసినప్పుడు ఎంత ఆక్సిజన్ మీద తీశారో చీటీ మీద రాయండి, లేకపోతే రిపోర్ట్‌తో పెద్దగా పనిలేదు. సిరంజిలో బుడగలు తీసేయండి, తీసినచోట కనీసం 5 నిమిషాలు నొక్కి పట్టండి. పీహెచ్ 7.35 కన్నా తక్కువ, కార్బన్ డయాక్సైడ్ 45 కన్నా ఎక్కువ ఉంటే బైపాప్ (బిగుతు మాస్క్‌తో ఒత్తిడి ఇచ్చి ఊపిరికి సాయం చేసే మెషిన్) సిద్ధం చేసుకోండి. దాని మాస్క్ పట్టీలు మరీ బిగించొద్దు, ముక్కు దూలం మీద పుండు పడుతుంది.

జవాబు 4:
మార్కాపురం వైపు నుంచి వచ్చేవాళ్లలో పలకల పని చేసినవాళ్లు ఉంటారు, ఏ పని చేసేవాడో తప్పక అడగండి. సిలికా దుమ్ము పీల్చినవాళ్లకి టీబీ వచ్చే అవకాశం ఎక్కువ. దగ్గు, బరువు తగ్గడం ఉంటే కళ్లె పరీక్ష సంగతి డాక్టర్‌కి గుర్తుచేయండి. అప్పటిదాకా నెబ్యులైజేషన్ కిటికీ పక్క మంచం మీద పెట్టండి, మీరు ఎన్95 వేసుకోండి.

వేరే ఆసుపత్రికి రెఫర్ చేసేటప్పుడు ఆక్సిజన్ లెక్క: నిండు బీ టైప్ సిలిండర్‌లో సుమారు 1,500 లీటర్లు. 4 లీటర్ల వెంచురీకి ఆరు గంటలు వస్తుంది. గేజ్ సగం చూపిస్తే మూడే గంటలు, బండి ఎక్కించేముందే చూసుకోండి.