పాత సన్‌బీమ్ కాఫీమాస్టర్: రబ్బరు మార్చి వాడుకోవాలా, ముట్టుకోకుండా ఉంచాలా?

కొలంబస్ కుర్రాడు:
పోయిన శనివారం ఇక్కడ ఒహాయోలో ఒక ఎస్టేట్ సేల్‌లో (ఇంట్లో సామానంతా అమ్మేసే చోట) సన్‌బీమ్ కాఫీమాస్టర్ సీ-30 దొరికింది, 22 డాలర్లు. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఇది వాక్యూమ్ కాఫీ మేకర్. కింద కుండలో నీళ్ళు, పైన గిన్నెలో కాఫీ పొడి. కింద వేడెక్కితే ఆవిరి ఒత్తిడికి నీళ్ళు గొట్టంలోంచి పైకి ఎక్కి పొడిలో బుడబుడమంటాయి. వేడి తగ్గగానే కింద ఆవిరి చల్లారి నీరైపోతుంది, ఆ వెలితికి పైనున్న కాఫీ ఫిల్టర్ గుండా సర్రున కిందికి దిగుతుంది. గాజువాటికైతే స్టవ్ దగ్గర కాపలా కాయాలి, ఇది కరెంటుది కాబట్టి నీళ్ళు పైకెక్కగానే తనే వేడి తగ్గించుకుంటుంది.

ఇంతకీ నా గొడవేంటంటే, గిన్నె కుండలో కూర్చునే చోట ఉన్న రబ్బరు గ్యాస్కెట్ రాయైపోయింది. గోటితో గీరితే నల్లగా పొడి రాలింది. నిన్న ఒకసారి పెట్టి చూశా, ఆవిరంతా పక్కలనుంచి బుస్సుమని పోయింది, నీళ్ళు సగం కూడా ఎక్కలేదు. సిలికాన్ గ్యాస్కెట్ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కానీ ఒరిజినల్ తీస్తే విలువ పోతుందని ఇక్కడ తెలిసినాయన ఒకటే పోరు. ఏం చేయమంటారు?

పాతసామాను:
ముట్టుకోకు తమ్ముడూ. ఆ వస్తువు గీసింది అల్ఫోన్సో ఇయానెల్లి, షికాగో మిడ్‌వే గార్డెన్స్‌లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ దగ్గర శిల్పాలు చేసినాయన. సీ-20తో మొదలైంది ఈ వరస, 1930ల చివర్లో. అవి చాలానే అమ్ముడుపోయాయి, కాదనను. కానీ అసలు రబ్బరు, అసలు వైరు, అసలు ఫిల్టరుతో సహా ఉన్నది ఎంతమంది దగ్గరుంది? ఒక్కొక్కరూ ఒక్కో ముక్క మార్చుకుంటూ పోతే రేపు చూడ్డానికి ఒక్కటి మిగలదు. కాఫీ తాగాలనుంటే ఇలాగే పనిచేసే కొత్త గాజుది, హారియో సైఫన్ కొనుక్కో, ఎవరొద్దన్నారు.

డికాక్షన్ రాణి:
కుక్కర్‌కి గ్యాస్కెట్ అరిగితే మారుస్తామా లేక మా అత్తగారి రబ్బరు అని షోకేసులో పెట్టుకుంటామా 😂

పాతసామాను:
కుక్కరూ ఇదీ ఒకటేనామ్మా?

డికాక్షన్ రాణి:
ఒకటి కాదా మరి. రెండింట్లోనూ రబ్బరు పట్టకపోతే ఆవిరి నిలవదు. ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది, పైకెక్కడానికే కాదు, కాఫీ కిందికి దిగడానికి కూడా ఆ పట్టు కావాలి, గాలి దూరితే లాగేదేముంది? అసలు కళాయి సంగతి ఆలోచించండి. మా అమ్మమ్మ ఇత్తడి గిన్నెకి ఎన్నిసార్లు కళాయి పెట్టించిందో లెక్కే లేదు, వీధిలోకి కళాయివాడు వస్తే చాలు, ముందు అదే బయటికొచ్చేది. ఈరోజుకీ అది అమ్మమ్మ గిన్నే. కళాయి పోతే చింతపండు పులుసు పెట్టలేం కాబట్టి పెట్టించేవాళ్ళు, అంతేగాని గిన్నె మారిపోయిందని ఎవరూ ఏడవలేదు.

సోల్డరింగ్ సుబ్బు:
రబ్బరు గురించి తర్వాత కొట్టుకోండి. కొలంబస్ బ్రదర్, నిన్న పెట్టి చూశానన్నావు, ఏ వైరుతో? బట్ట చుట్టిన ఆ పాత వైరుతోనా?? బాడీ మొత్తం లోహం, ప్లగ్గుకి రెండే పిన్నులు, ఎర్త్ లేదు, లోపల తీగ ఇన్సులేషన్ ఎనభై ఏళ్ళకి చిప్స్‌లా విరిగిపోతుంది, పైగా ఆ కాలం హీటర్ వైర్లు కొన్నింట్లో బట్ట కింద ఆస్బెస్టాస్ ఉండేది. దాన్ని విప్పకు, కోయకు, దులపకు. అలాగే ఒక జిప్ కవర్లో వేసి మూసేయ్. విలువ పోకుండా దాచాల్సిన వస్తువు ఏదైనా ఉంటే అదే, దాచు, వాడకు. కొత్త వైరు కొని పెట్టే ముందు మల్టీమీటర్‌తో పిన్నులకీ బాడీకీ మధ్య కంటిన్యుటీ, అంటే కరెంటు పారే దారి ఉందేమో చూడు. బీప్ వస్తే అక్కడితో ఆపెయ్. రాకపోయినా మొదటి నాలుగైదు సార్లు వంటింట్లో జీఎఫ్‌సీఐ సాకెట్‌లోనే (కరెంటు లీకైతే తనే ఆపేసేది) పెట్టు, తడి చేతులతో ముట్టుకోకు. కడిగేటప్పుడు అడుగుభాగం సింకులో ముంచావంటే ఇంక నీకు చెప్పేదేమీ లేదు.

ఇండియా తీసుకెళ్దామనుకునేవాళ్ళకి: ఇది 120 వోల్టులది. మన 230లో నేరుగా గుచ్చితే ఒక్కసారే కాఫీ.

పాతసామాను:
చూశావా, సుబ్బు కూడా దాచమనే అంటున్నాడు.

సోల్డరింగ్ సుబ్బు:
అన్నా, నేను వైరు దాచమన్నా, మిషను కాదు 🙏

గాజుకుప్పె:
నాకున్నవన్నీ గాజువే. సైలెక్స్ కంపెనీవి, పైగిన్నె-కిందికుప్పె జతలు మూడు, వాటిలో వేసుకోవడానికి కోరీ వాళ్ళ గాజు కడ్డీ ఒకటి. బట్ట ఫిల్టరు తీసేసి ఆ కడ్డీని గొట్టంలోకి జారవిడిస్తే చాలు, దాని గరుకు అంచుల సందులోంచి కాఫీ దిగుతుంది, పిప్పి పైనే ఉండిపోతుంది. అంత తెలివైన వస్తువు నేనింకోటి చూళ్ళేదు. మూడింటికీ రబ్బర్లు మార్చాను, ఇప్పటికీ దానికి బాధపడలేదు. పాత రబ్బరుతో వచ్చే ఇబ్బంది ఆవిరి పోవడం ఒక్కటే కాదండీ, కాఫీకి టైరు కాలిన వాసన వస్తుంది, అది ఎన్ని వెనిగర్లు పోసినా వదలదు.

కానీ పాతసామాను గారి మాటలో నాకు పట్టేది ఒకటుంది. వాడితే పగులుతుంది. ఇంకో జత ఉండేది నా దగ్గర, నాలుగోది. వేడి వేడి కింది కుప్పెని అన్యమనస్కంగా తడి గ్రానైట్ మీద పెట్టాను. టిక్ మని చిన్న చప్పుడు, అడుగున వెంట్రుకంత గీత. నీళ్ళు కారలేదు, చూస్తే బాగానే ఉంది, అయినా మళ్ళీ పొయ్యి ఎక్కించలేదు. ఇప్పుడు దాంట్లో మనీప్లాంట్ ఉంది.

నల్లకుంట నాగు:
ఇంత అవస్థ దేనికి బాసూ, స్టీలు ఫిల్టర్లో రాత్రి పొడి వేసి పడుకుంటే పొద్దున్నే డికాషన్ రెడీ. ఈ వాక్యూమ్ కాఫీ మా బావమరిది ఇంట్లో తాగాను, పాలు పోస్తే నీళ్ళ కాఫీ అయింది.

వైజాగ్ వాకర్:
నాగూ, దాంట్లో పాలు పోయడమే తప్పు. అది పల్చగా, తేటగా, టీ లాగా తాగాల్సింది. మావాడొకడు షికోరీ కలిపిన ఫిల్టర్ కాఫీ పొడి వేశాడు, మెత్తటి పొడి కదా, ఫిల్టరు మూసుకుపోయి కాఫీ పైనే కూర్చుంది, మళ్ళీ ఆన్ చేసి ఆఫ్ చేసి అరగంట తంటాలు. అరకు అరబికా తెచ్చుకుని, షికోరీ లేకుండా, ఫిల్టర్ పొడి కంటే కాస్త బరకగా, సన్న రవ్వలా పట్టించు. అర లీటరు నీళ్ళకి 30 గ్రాములు.

డికాక్షన్ రాణి:
కళాయి అన్నాక గుర్తొచ్చింది. కొలంబస్ బాబూ, కుండ లోపల చూశావా? క్రోమ్ పూత బాగుందా? పూత పోయి రాగి బయటపడితే, చిలుం పట్టిన గిన్నెలో మజ్జిగ పోయడమే. నువ్వు ఏ రబ్బరు పెట్టినా ఒకటే.

కొలంబస్ కుర్రాడు:
ఇప్పుడే ఫోన్ లైటు వేసి చూశా. పై గిన్నె అద్దంలా ఉంది. కింది కుండలో, అడుగు మూల దగ్గర, క్వార్టర్ నాణెమంత ఎర్రగా ఉంది. కాఫీ మరక అనుకుని సిట్రిక్ యాసిడ్ వేసి ఉంచా, పోలేదు, ఇంకా ఎర్రగా తేలింది. రాగే.

డికాక్షన్ రాణి:
అయితే ఆ కుండలో వద్దు. క్రోమ్‌కి కళాయివాడు లేడు.

పాతసామాను:
నేను మొదటి నుంచీ చెప్తున్నది అదే. షెల్ఫ్ మీద పెట్టు, రోజూ తుడుచుకో, చూసుకో.

గాజుకుప్పె:
సీ-30 కింది కుండలు విడిగా కూడా అమ్ముతుంటారు, పై గిన్నె పారేసుకున్నవాళ్ళు. లోపలి ఫొటో పంపమని అడక్కుండా కొనొద్దు.

కొలంబస్ కుర్రాడు:
దొరికింది, 14 డాలర్లు, లోపల తెల్లగా మెరుస్తోంది, ఫొటో చూశాకే కొన్నా. సిలికాన్ గ్యాస్కెట్ కూడా ఆర్డర్ పెట్టేశా. పాత కుండలో పాత రబ్బరు, పాత వైరు రెండూ కవర్లో కట్టి పెట్టేశాను, అది పాతసామాను అన్నకి. అడ్రస్ పంపన్నా, షిప్పింగ్ నీదే.

పాతసామాను:
ఫిల్టరు కూడా వేస్తావా?

కొలంబస్ కుర్రాడు:
ఫిల్టరు ఇవ్వను.