అమెరికాలో మన ఆగస్టు 15 జెండా వందనం: వాలంటీర్ల పనుల చర్చ

సమన్వయం:
అందరికీ నమస్కారం. 2026లో ఆగస్టు 15 శనివారమే పడింది, ఆదివారానికి జరపక్కర్లేదు. పార్కు పెవిలియన్ ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1 దాకా మనది. జెండా 10 గంటలకు. పిల్లలతో కలిపి 200 మంది అనుకుందాం. బ్యానర్ అచ్చుకు వెళ్లే ముందు అంకె చూసుకోండి: స్వాతంత్ర్యం వచ్చి 79 ఏళ్లు నిండుతాయి, జరుపుకునేది 80వ స్వాతంత్ర్య దినోత్సవం. ఈ రెండూ తారుమారు కాని ఏడాది ఉండదు. ముందు జెండా సంగతి తేల్చండి, మిగతావి సర్దుకోవచ్చు.

జెండా పని:
ఆన్‌లైన్‌లో కనిపించే 3×5 అడుగుల భారత జెండా కొనకండి. ఇక్కడి కొలతలకు కుట్టేస్తారు, మన జెండా నిష్పత్తి 3:2. ఫ్లాగ్ కోడ్‌లో, అంటే భారత జెండా నియమావళిలో, ఉన్న 1350×900 మి.మీ. సైజు 20 అడుగుల స్తంభానికి చక్కగా సరిపోతుంది. చక్రంలో 24 ఆకులున్నాయో లేదో లెక్కపెట్టండి, రెండు వైపులా చక్రం తేటగా కనిపించాలి. కోడ్‌కు 2021 డిసెంబరులో చేసిన సవరణ తర్వాత పాలియెస్టర్ కూడా చెల్లుతుంది, ఖాదీయే అని పట్టుబట్టక్కర్లేదు. ఇండియా నుంచి తెచ్చిన జెండాకు పైన కొయ్య ముక్క, కింద తాడు ఉంటాయి. ఇక్కడి స్తంభాల తాడుకు కొక్కేలుంటాయి, వాటికి నేరుగా తగలవు. మధ్యలో చిన్న తాడు ఉచ్చులు రెండు వేసుకోవాలి. కొయ్య ముక్క ఉన్న వైపే కాషాయం. తొందరలో తలకిందులు కాకుండా అదే గుర్తు.

అమెరికా జెండాకు వేరే స్తంభం కావాలి, ఒకే స్తంభానికి రెండు దేశాల జెండాలు కట్టకూడదు. ఎత్తు సమానం, సైజు దాదాపు సమానం. చూసేవాళ్లకు ఎడమ వైపున అమెరికాది. అది ముందు ఎక్కాలి, చివర దిగాలి. పెవిలియన్ ముందున్న పార్కు స్తంభం మన వాటికంటే పొడుగు, దాని పక్కన నిలబెడితే మన జెండా కిందైపోతుంది. మైదానం వైపు జరుపుదాం. గాలికి ఒక్కో స్తంభం పాదానికి నాలుగు ఇసుక సంచులు.

సాంస్కృతికం:
అన్నా, పైనే కట్టేసి తాడు లాగితే పూలు రాలేలా చేద్దామా? పిల్లలు దానికోసమే చూస్తారు.

జెండా పని:
పైన కట్టి ఉంచి విప్పడం జనవరి 26 పద్ధతమ్మా. ఆగస్టు 15న జెండా కింది నుంచి పైకి ఎక్కాలి, ఎర్రకోటలో ప్రధాని చేసేది అదే. పూలు కావాలంటే దారి ఉంది: చుట్టిన జెండాను కింది నుంచి ఎక్కించి, పైకి చేరాక విప్పుదాం. లోపల పూరేకులు పెట్టడాన్ని ఫ్లాగ్ కోడ్ కూడా ఒప్పుకుంటుంది.

జెండాను పొడవునా మడిచి, రెండు గుప్పిళ్ల ఆరిన బంతి రేకులు పరిచి చుట్టాలి. తడి గులాబీ రేకులు తెలుపు మీద మరకేస్తాయి, గుడ్డకు అంటుకుని రాలవు కూడా. ఎక్కువ పోస్తే బరువుకు సగం దారిలోనే విచ్చుకుంటుంది. జెండా కింది మూలకు కట్టిన తాడును చుట్ట మీద రెండు చుట్లు తిప్పి, కొసను లాగకుండా మధ్యలో మడత పెట్టి, ఆ మడతను మాత్రమే చుట్టు కిందికి దూర్చండి. షూ లేసు ముడిలో ఒక చెవి అన్నమాట. గట్టి ముడి పడిందా, ముఖ్య అతిథి ఎంత లాగినా రాదు, అందరి ముందూ కిందికి దించాల్సిందే. ఎక్కించే తాడు, విప్పే తాడు వేరు. విప్పేదానికి తెల్ల రిబ్బను కట్టి, అతిథికి అదే చేతికివ్వండి. ఎక్కించే తాడును ముందే స్తంభానికి బిగించేయాలి, లేకపోతే విప్పబోయేసరికి జెండా జారుతుంది. 20 అడుగుల స్తంభానికి 50 అడుగుల తాడు ఉంచుకోండి.

సౌండ్:
అక్కడ కరెంటు లేదు, బ్యాటరీ స్పీకర్లు రెండు తెస్తున్నాం. జాతీయ గీతం ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకుని ఏరోప్లేన్ మోడ్‌లో పెడదాం, మధ్యలో కాల్ గానీ ప్రకటన గానీ రాకూడదు. పూర్తి గీతం దాదాపు 52 సెకన్లు, 20 సెకన్ల చిన్న పాఠం వద్దు. జెండా విచ్చుకున్న వెంటనే మొదలు కావాలి. ఆ 52 సెకన్లూ ఫొటోలు తీసేవాళ్లు కూడా కదలకుండా నిలబడాలని వ్యాఖ్యాత ముందే చెప్పాలి. ప్రసంగాలు మూడు, ఒక్కోటి మూడు నిమిషాలు. ఆగస్టు ఎండలో పిల్లల్ని అంతకంటే నిలబెట్టలేం.

వ్యాఖ్యాత:
నోట్స్‌లో ఇవి ఉంటాయి: పింగళి వెంకయ్య 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. ఇప్పటి జెండాను రాజ్యాంగ సభ 1947 జులై 22న ఆమోదించింది. టాగోర్ జాతీయ గీతానికి ఇంగ్లీషు అనువాదం చేసింది 1919లో, మదనపల్లెలో. నెహ్రూ ఎర్రకోట మీద తొలిసారి జెండా ఎగరేసింది ఆగస్టు 16న, 15న కాదు. హైదరాబాద్ సంస్థానం 1948 సెప్టెంబరులో గానీ కలవలేదు, తెలంగాణ వాళ్లు అడుగుతారు కాబట్టి అదీ చెబుతాను. వేషాల్లో అల్లూరి ఒక్కరినే ముగ్గురు పిల్లలు ఎంచుకున్నారు, ఒకరిని ప్రకాశం పంతులుగా మార్చగలరా అక్కా?

టిఫిన్లు:
ఉప్మాకు రవ్వ 7 కిలోలు, పులిహోరకు బియ్యం 7 కిలోలు, చింతపండు 800 గ్రాములు. ఉప్మాకు ఒకటికి మూడున్నర నీళ్లు పోయండి. ట్రేలో గంట ఉంటే మూడుతో చేసింది గడ్డకట్టి చాకుతో కోయాల్సి వస్తుంది. వేరుశనగ ఉన్న ట్రేకి చీటీ అంటించాలి, అలర్జీలున్న పిల్లలున్నారు. టీకి పాలు 3 గ్యాలన్లు, నీళ్లు ఒక గ్యాలన్, చిన్న కప్పులు 150 వస్తాయి. లడ్డూలు 220, వందనం అవ్వగానే గేటు దగ్గర పంచాలి. జెండా బొమ్మ నాప్కిన్లు కొనకండి, కోడ్ ఒప్పుకోదు, పైగా చివరికి చెత్తబుట్టలోనే తేలతాయి.

జెండా పని:
కాగితం జెండాలు చాలు, ప్లాస్టిక్ వద్దు. వెళ్లే దారిలో అట్టపెట్టెతో ఇద్దరు నిలబడి వెనక్కి తీసుకోవాలి. పార్కింగ్‌లో పడినవి కూడా ఏరాలి. 12:30కి జెండా దించుతాం. మడిచేటప్పుడు కాషాయం, ఆకుపచ్చ తెలుపు కిందికి, ఆ తర్వాత రెండు కొసలు లోపలికి, చక్రం పైకి కనిపించాలి. శుక్రవారం సాయంత్రం 6కి స్తంభాల దగ్గర ముడి వేసి మూడుసార్లు విప్పి చూద్దాం. తాడు లాగబోయే అతిథి కూడా రావాలి, ఆ పిలుపు సమన్వయం వాళ్లదే.