పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు కర్ణాటక విధాన పరిషత్తుకు (శాసనమండలికి) పోటీ చేయవచ్చునా?

ప్రశ్న (కృష్ణరాజపురం, బెంగళూరు)

సభ్యులందరికీ నమస్కారం. నేను మదనపల్లెలో ఎనిమిదేళ్లు, తరువాత బెంగళూరులోని ఒక ఎయిడెడ్ హైస్కూలులో ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పి, 2023 మే 31న పదవీ విరమణ చేశాను. అప్పటినుండి ఆదివారాలు మా మేడ మీద పదో తరగతి పిల్లలకు ఉచితంగా లెక్కలు, చిన్నపిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతున్నాను. సంధ్యా సురక్ష పింఛను కోసం తిరిగే వృద్ధులకు దరఖాస్తులు నింపిపెడుతున్నాను. ఇది చూసిన తోటి ఉపాధ్యాయులు కొందరు, ఉపాధ్యాయ నియోజకవర్గం నుండి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడమంటున్నారు. విరమణ చేసినవారికి అక్కడ ఓటే ఉండదని ఒకరు, ఓటు లేనివారు పోటీ చేయరాదని మరొకరు అన్నారు. నా ఓటరు కార్డు ఇప్పటికీ మదనపల్లె చిరునామాతోనే ఉంది. ఏది నిజమో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (జయనగర్, విశ్రాంత ఉద్యోగి)

టీచరుగారూ, మీకు చెప్పినవారిద్దరూ రెండు వేరువేరు విషయాలను కలిపేశారు. ఓటు హక్కుకు ఒక నియమం, పోటీ చేసే అర్హతకు మరొక నియమం ఉన్నాయి.

ముందు ఓటు సంగతి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 27వ సెక్షన్ ప్రకారం, అర్హత తేదీ అయిన నవంబరు 1కి ముందరి ఆరేళ్లలో మొత్తం మీద మూడేళ్లు, ఈ రాష్ట్రంలోనే, హైస్కూలు స్థాయికి తగ్గని విద్యాసంస్థలో బోధించి, ఆ నియోజకవర్గంలో నివసిస్తున్నవారు ఓటర్లు కావచ్చు. విరమణ చేసినంత మాత్రాన ఓటు పోదు గాని, ఏడాది గడిచే కొద్దీ లెక్కలోకి వచ్చే సర్వీసు తరిగిపోతుంది. మీరు లెక్కల టీచరు కాబట్టి సులువుగానే గ్రహిస్తారు: అర్హత తేదీ 2025 నవంబరు 1 అయితే, 2019 నవంబరు నుండి 2023 మే వరకు మీకు మూడేళ్ల ఏడు నెలలు వస్తాయి, అదే 2026 నవంబరు 1 అయితే రెండేళ్ల ఏడు నెలలే మిగులుతాయి, అప్పుడు ఓటు రాదు. మదనపల్లె సర్వీసు ఎంత ఉన్నా ఇక్కడ పనికిరాదు. దరఖాస్తు 19వ ఫారంలో, పాఠశాల ప్రధానోపాధ్యాయుల ధ్రువపత్రంతో ఇవ్వాలి. పట్టభద్రుల నియోజకవర్గానికి 18వ ఫారం వేరే ఉంది. దానికి దేశంలో ఏ విశ్వవిద్యాలయపు డిగ్రీ అయినా చెల్లుతుంది, అది పొంది మూడేళ్లు నిండితే చాలు.

ఇక పోటీ. ముప్పై ఏళ్లు నిండి, కర్ణాటకలో ఏదైనా ఒక అసెంబ్లీ నియోజకవర్గంలో ఓటరుగా ఉంటే చాలు. ఉపాధ్యాయ ఓటరే కానక్కరలేదు. కాబట్టి మీకు అసలు అడ్డంకి వయసూ విరమణా కావు, మదనపల్లె ఓటే. ఒకరికి రెండు చోట్ల ఓటు ఉండరాదు కనుక, 8వ ఫారం నింపి దానిని కృష్ణరాజపురానికి మార్పించుకోండి. మిగతా పనులన్నీ దీని తరువాతే.

స్వతంత్ర అభ్యర్థిని ఆ నియోజకవర్గపు ఓటర్లే పది మంది ప్రతిపాదించాలి. డిపాజిట్టు పదివేల రూపాయలు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి అందులో సగం. ఆస్తులు, కేసుల వివరాలు తెలిపే 26వ ఫారం ప్రమాణపత్రంలో ఏ గడీ ఖాళీగా వదలకండి, చెప్పవలసింది లేకపోతే 'లేదు' అని రాయండి.

మరొక సమాధానం (మైలాపూర్, చెన్నై)

మాకు 1986లోనే శాసనమండలి రద్దయింది కనుక ఈ అవకాశమే లేదు. అయినా ఉపాధ్యాయ ఓటరే కానక్కరలేదన్న పై మాటకు ఆధారం మా ఊరిదే. పట్టభద్రుడు కాని వ్యక్తి మద్రాసు జిల్లా పట్టభద్రుల నియోజకవర్గం నుండి గెలిచినప్పుడు వచ్చిన వివాదంలో, ఓటరుకు విధించిన అర్హత అభ్యర్థికి వర్తించదని 1972లో సుప్రీంకోర్టు తేల్చింది.

మళ్లీ ప్రశ్న (కృష్ణరాజపురం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. మా తెలుగు తరగతికి పిల్లలను పంపే తల్లిదండ్రులలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. 'మన తెలుగు టీచరమ్మను గెలిపిద్దాం' అని వారొక కరపత్రం రాసి తెచ్చారు. తప్పేమైనా ఉందా?

సమాధానం (జయనగర్)

ఆ కరపత్రాన్ని దయచేసి అచ్చుకు పంపకండి. మతం, జాతి, కులం, సమాజం, భాష పేరుతో ఓటు అడగడం 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) సెక్షన్ కింద అవినీతి చర్య. ఆ భాష అభ్యర్థిదైనా ఓటరుదైనా ఒకటేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నాలుగు-మూడు ఆధిక్యంతో చెప్పింది. గెలిచినా ఎన్నిక రద్దయ్యే ప్రమాదముంది. పైగా ఆ నియోజకవర్గంలో ఓటర్లలో ఎక్కువమంది కన్నడం మాట్లాడే ఉపాధ్యాయులే. బదిలీలు, ఎయిడెడ్ ఖాళీలు, పింఛను వంటి వారి బాధలు మీకు తెలుసు కాబట్టి, అవి రాయించండి, అదీ కన్నడంలో రాయించండి. తెలుగు తరగతిని ఆపనక్కరలేదు, కాని అక్కడ ఓటు మాట రానివ్వకండి. ఎన్నికల వేళ ఓటర్లకు పుస్తకాలో పలకలో పంచితే అది లంచంగా కనబడుతుంది. ఆ వితరణ ఏదో ముందే ముగించండి, లేదా ఎన్నిక అయ్యాక చేయండి.

నా అభిప్రాయం అడిగితే, ఆ పదిమంది ప్రతిపాదకులు ఎవరో ఇప్పుడే రాసుకోండి. నిలబడమని చెప్పినవారిలో ఎందరు సంతకానికి వస్తారో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి.

కృష్ణరాజపురం

కరపత్రం పక్కన పెట్టించాను. 8వ ఫారం ఈ రాత్రే నింపుతాను. సంతకాలకు నిన్నటిదాకా ఇరవై మంది అన్నారు. ఈరోజు పేర్లు రాయబోతే ఆరుగురు తేలారు.