ప్లాట్‌కి ‘అల్లిక’ అన్న మాట సరిపోదా?

మొన్న ఇక్కడ ఒక తమ్ముడు అడిగాడు, కథల్లో ప్లాట్ అంటారే, అంటే ఒక సంఘటనలోంచి ఇంకో సంఘటన పుట్టేలా కథని కూర్చడం, దానికి తెలుగులో ఏమనాలి అని. ఇతివృత్తం అని కొందరు, కథాంశం అని కొందరు, కథావస్తువు అని ఒక మాస్టారు చెప్పారు. మూడూ మంచి మాటలే. కానీ మూడింటినీ ఇప్పుడు మనం ఒకే అర్థంలో వాడుతున్నాం. అందుకే ఆ తమ్ముడి ప్రశ్నకి జవాబు దొరకలేదనిపించి ఇంత రాస్తున్నాను.

‘వరకట్నం ఇతివృత్తంగా రాసిన కథ’ అని పత్రికల్లో చూస్తుంటాం. అక్కడ ఇతివృత్తం అంటే విషయం, అంతే. మాటని విడదీస్తే మరోటి కనిపిస్తుంది. ఇతి అంటే ఇలా, వృత్తం అంటే జరిగినది. ‘ఇలా జరిగింది’ అన్నమాట. వరకట్నం జరిగేది కాదు కదండీ, అది ఉండేది. జరిగేది పెళ్లిపీటల మీద ఒక తండ్రి లేచి నిలబడటం. నాట్యశాస్త్రం రాసిన భరతుడు ఇతివృత్తాన్ని నాట్యానికి శరీరం అన్నది కూడా ఈ జరిగే క్రమాన్ని దృష్టిలో పెట్టుకునే. మొదలుపెట్టడం, ప్రయత్నించడం, అందుతుందన్న ఆశ పుట్టడం, తప్పక అందుతుందని తేలడం, ఫలం చేతికి రావడం అని అయిదు అవస్థలు చెప్పాడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి కోరుకుంటే తప్ప ఈ అయిదింట్లో ఒక్కటీ కదలదు.

వస్తువు సంగతీ అంతే. నాటక లక్షణాలు చెప్పే ‘దశరూపకం’ అనే పాత సంస్కృత గ్రంథంలో వస్తువు, నేత (అంటే నాయకుడు), రసం అని మూడు చెప్పినచోట వస్తువంటే ఇతివృత్తమే. ఈనాటి విమర్శలో వస్తువంటే కథ దేని గురించి అన్నది. ఇక ‘పతాక సన్నివేశం’ అని క్లైమాక్సుకి రాస్తుంటారు. పాత శాస్త్రంలో పతాక అంటే అసలు కథకి తోడుగా దూరం నడిచే ఉపకథ, రామకథలో సుగ్రీవుడి కథలాంటిది. మాటలు అర్థం మార్చుకోవడం తప్పని నేననను. కానీ మారిపోయిన మాటతో కొత్తగా రాసేవాళ్లకి పాఠం చెబితే వాళ్లకి విషయం అందుతుంది, అల్లిక అందదు.

అల్లిక అన్న మాట నాకు మా ఇంటి అరుగు మీంచి వచ్చింది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు లేసు అల్లుతారని మీలో చాలామందికి తెలుసు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని అది. మా అమ్మా అల్లేది. ఒకటే దారం, కొక్కెం ఉన్న ఒక సూది. ఉన్న ఉచ్చులోంచి దారాన్ని లాగితే కొత్త ఉచ్చు పుడుతుంది, దాంట్లోంచి ఇంకోటి. ముందుది లేకుండా తర్వాతది లేదు. పూలదండ అలా కాదు, మధ్యలో ఒక కనకాంబరం రాలినా దండ దండే. చివర దారం తెంపి, ఆ కొసని ఆఖరి ఉచ్చులోంచి లాగి బిగించేవరకూ అమ్మ లేసుని ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. బిగించకపోతే కొస పట్టుకు లాగితే చాలు, వారం రోజుల పని ఊడి దారమైపోతుంది. ‘కథ అల్లడం’ అని మన భాష ఎప్పటినుంచో అంటోంది. అబద్ధం చెప్పడం అన్న అర్థం దానికి అంటుకుంది గాని, ప్లాట్‌కి అంతకన్నా దగ్గరి మాట నాకు కనిపించలేదు.

ఆదివారాలు మా ఊరి గ్రంథాలయంలో కొందరం కథలు చదువుకుంటాం. లంక గ్రామం నుంచి వచ్చే ఒక డిగ్రీ అమ్మాయి తను రాసిన కథ చదివింది. తల్లి అల్లిన లేసు మూట తీసుకుని, సఖినేటిపల్లి రేవుకి వచ్చి, గోదారి దాటించే పంటు ఎక్కి, గోదారి మధ్యలో వానొచ్చి, మూట తడిసి, ఏజెంటు సగం డబ్బే ఇచ్చి, పరీక్ష ఫీజు కట్టలేక ఒక పిల్ల ఇంటికొస్తుంది. చూశారా, దాదాపు అన్నీ క్త్వార్థకాలే, అంటే ఒక పని అయ్యాక ఇంకోటి అని చెప్పే క్రియలే. వచ్చి, ఎక్కి, తడిసి. తెలుగులో వరసగా చెప్పడానికి అంత సుఖమైన రూపం ఇంకోటి లేదు, అందుకే అది మనల్ని మోసం చేస్తుంది. వరస ఉంటుంది, కారణం ఉండదు.

‘ఆ పిల్ల ఏం చేసిందమ్మా?’ అని అడిగాను. చాలాసేపు కాయితం వంకే చూసి, ‘ఏం చెయ్యలేదు మేడమ్, వానే చేసింది’ అంది. నిజమైన జవాబు.

రెండు వారాల తర్వాత మళ్లీ తెచ్చింది. అదే రేవు, అదే వాన. ఈసారి ఆ పిల్ల సంచిలో ప్రాక్టికల్ రికార్డు కూడా ఉంది, చేతిలో ఒకటే పాలిథిన్ కవరు. అమ్మ మధ్యాహ్నం పంటుకి వెళ్లమన్నా వినదు, ఫీజుకి అదే ఆఖరు రోజు కాబట్టి. వాన అందుకోగానే కవరు రికార్డుకి తొడుగుతుంది. లేసు తడుస్తుంది. తడవబట్టే సగం డబ్బు. సగం డబ్బు రాబట్టే ఇంటికెళ్లి అమ్మ ముఖం చూడలేకపోవడం. వెళ్లమన్నా అన్నది అప్యర్థకం, అంటే ‘అయినా’ అన్న అర్థమిచ్చే రూపం, అడ్డు అక్కడ పుట్టింది. కవరు రికార్డుకి తొడిగితే లేసు ఏమవుతుంది అన్న చేదర్థకం దగ్గర, అంటే ‘అయితే’ అన్న అర్థమిచ్చే రూపం దగ్గర, చదివేవాడి ఊపిరి ఆగింది. బడిలో బట్టీపట్టిన అసమాపక క్రియలే, అంటే వాక్యాన్ని ముగించని క్రియలే ఇవి.

పాత్ర గురించి వేరే చెప్పక్కర్లేదు, కవరు దేనికి తొడిగిందో అదే ఆ పిల్ల స్వభావం. స్థలం కూడా అంతే. పంటు నది మధ్యలో ఉంది గనక దిగిపోవడానికి లేదు, గోదారి అక్కడ అందం కోసం లేదు.

ఆ తమ్ముడి ప్రశ్న కింద ఒక అక్కయ్యగారు అడిగారు, కథ జరిగిన వరసలోనే చెప్పాలా అని. అక్కర్లేదండి. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది, అర్ధరాత్రి దాటాక తలుపు దగ్గర నిలబడ్డ భర్తతో మొదలవుతుంది. అంతకుముందు ఆ సంసారంలో నడిచింది మనకు తర్వాత తెలుస్తుంది. జరిగిన వరసకి ఇతివృత్తం అనండి, చెప్పిన వరసకి కథనం అనండి, ఒకదాన్లోంచి ఒకటి పుట్టడానికి అల్లిక అనండి. ఇంతకన్నా మంచి మాట మీ ఊళ్లో వాడుకలో ఉంటే తప్పక రాయండి.

ఆ అమ్మాయి కథకి ముగింపు ఇంకా కుదరలేదు. అమ్మ ఆ తడిసిన లేసుని దండెం మీద ఆరేస్తున్నచోట ఆపింది. కొస బిగించాలో వద్దో వచ్చే ఆదివారం మాట్లాడుకుంటాం.