సమస్య: తలను దీసివేయ ధవుఁడు మిగిలె

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే, యతి త–ధ. ధవుడంటే భర్త అని మీకు చెప్పనక్కరలేదు. తల పోయాక మొగుడు మిగలడమేమిటన్నదే చిక్కు. నియమం ఒకటే: కత్తి మనిషి మెడమీద పడకూడదు, మాట మెడమీద పడాలి. ఏదో ఒక పదంలో మొదటి అక్షరం తీస్తే ‘ధవుఁడు’ మిగలాలి.

ఇది కొత్త సరదా కాదు. శూద్రక మహారాజు అక్షరచ్యుతకం (అక్షరం జార్చే ఆట), మాత్రాచ్యుతకం, బిందుమతి, గూఢచతుర్థపాదం, ప్రహేళికలతో (పొడుపుకథలతో) పొద్దుపుచ్చేవాడని కాదంబరిలో బాణుడు రాశాడు. వాత్స్యాయనుడి 64 కళల్లో ప్రహేళికా ఉంది, సమస్యాపూరణమూ ఉంది. ఈసారి రెండింటినీ ఒకే గాటన కడుతున్నాం.

అనకాపల్లి తమ్ముడు:
గురువుగారూ, అక్షరం అంటే ఎంత? ఒత్తు ఒక్కటీ తీయవచ్చా? దీర్ఘం మాత్రం తీస్తే చెల్లుతుందా?

నిర్వాహకుడు:
ఈ వారానికి చెల్లదు. కాలములో దీర్ఘం తీస్తే కలము, అది మాత్రాచ్యుతకం. బండిలో సున్నా తీస్తే బడి, మందిలో తీస్తే మది, అది బిందుచ్యుతకం. మనకు కావలసింది గుణింతంతో, ఒత్తుతో సహా అక్షరం మొత్తంగా పోవడం. కమలము తీసుకో. తల తీస్తే మలము, రెండో అక్షరం తీస్తే కలము, తోక తీస్తే లక్ష్మీదేవి. మూడోది తీస్తే మాత్రం ‘కమము’, అంటే ఏమీ లేదు. నగరమూ అంతే: గరము (విషం), నరము, నగము (కొండ) వరసగా వస్తాయి, నాలుగో వేటుకు పొడి రాలుతుంది. మిగిలినది నిఘంటువులో దొరకాలి. లేకపోతే అది విడుపు కాదు, విరుపు.

తెనాలి మిత్రుడు:
లచ్చి పేరు మొదట లక్షణముగ నుంచి
పతిని చేర్చి యొక్క పదముఁ జెప్పి
మాట సగము విరిచి మా యను నక్షర
తలను దీసివేయ ధవుఁడు మిగిలె

రాజమండ్రి మాస్టారు:
విడుపు మాధవుడు. ‘మా’ అంటే లక్ష్మి కాబట్టి మొదటి పాదం ఒప్పుతుంది. కాని ‘అక్షర తల’ వైరిసమాసం నాయనా. సంస్కృత పదాన్ని అలాగే తెచ్చి తెలుగు తలకు అంటించారు. అక్షరపు తల అనాలి, అంటే గణం చెడుతుంది. పైగా ‘సగము’ విరిచామని చెప్పి ఒక్క అక్షరమే తీశారు, నాలుగింట ఒకటి సగమెలా అవుతుంది? మూడో పాదాన్ని ఇలా మార్చి చూడండి:
మాట విప్పి చూచి మా యను గుఱుతైన

తెనాలి మిత్రుడు:
ధన్యవాదాలు మాస్టారూ, మార్చుకున్నాను.

నంద్యాల సోదరుడు:
తండ్రి యాన మీఱఁ దగదని కొడుకంత
పరశు వెత్తి తల్లి పైకి నుఱుక
కొంప గూలె నయ్యొ కోపమ్ము చల్లాఱె
తలను దీసివేయ ధవుఁడు మిగిలె

నిర్వాహకుడు:
పరశురాముడు, రేణుక, మిగిలిన ధవుడు జమదగ్ని. నడక బాగుంది. ‘కొంప గూలె’ అన్నచోట ఇల్లాలు పోయిన ఇల్లు కళ్ల ముందు నిలిచింది. కాని నియమం తప్పింది. ఇక్కడ అక్షరం ఏదీ పోలేదు, పోయింది రేణుక తల. పద్యానికి మెచ్చుకోలు, పోటీకి సెలవు.

నంద్యాల సోదరుడు:
సమస్య చూడగానే ఈ కథే తట్టింది, వదలలేకపోయాను. ఎలాగూ వరమడిగి తల్లిని బతికించుకున్నాడు కదా, నన్నూ బతికించండి!

కరీంనగర్ అక్కయ్య:
నేల యేలు రాజు నెత్తిపైనున్నట్టి
భువిని శత్రుఁ డొకఁడు పోరఁ గొనఁగ
రాణి యొకతె తోడు రాజ్యమ్ము లేదింక
తలను దీసివేయ ధవుఁడు మిగిలె

రాజమండ్రి మాస్టారు:
అమ్మా, మొదట ఆదిశేషుడి దగ్గరికి పోయాను. నెత్తిమీద భూమి అనగానే ఎవరైనా అక్కడికే పోతారు. రెండోసారి చదివితే భూధవుడు దొరికాడు.

కరీంనగర్ అక్కయ్య:
అటు పోవాలనే అలా రాశానండి.

నిర్వాహకుడు:
నాకు కావలసిన పూరణ ఇదే. తెనాలి మిత్రుడి పద్యంలో ‘మా’ పోయింది, సరే, లెక్క కుదిరింది. కాని మాధవుడి కథలో లక్ష్మి ఎక్కడికీ పోలేదు. ఇక్కడ అలా కాదు. పదంలోంచి ‘భూ’ ఎగిరిపోయింది, రాజు చేతిలోంచి భూమీ పోయింది. నిన్నటిదాకా నేలకు మగడు, ఇవాళ రాణికి మాత్రమే మగడు. అక్షరం పోయినచోట కథలోనూ ఏదో పోవాలి. అప్పుడు విడుపు చెప్పాక కూడా పద్యం పాతబడదు.

డాలస్ నుంచి ఒక సభ్యుడు:
నేను రెండు తలలు తీశాను.
ఉమకు మగఁడు మొదట నుత్వమ్ము విడనాడి
సిరికి మగఁడు నగుచుఁ జెలువు మీఱె
పిదప మాను గూడఁ బెఱికిరి, రెండవ
తలను దీసివేయ ధవుఁడు మిగిలె

రాజమండ్రి మాస్టారు:
ఉమాధవుడు, మాధవుడు, ధవుడు! శివుడు విష్ణువయ్యాడు, విష్ణువు వట్టి మొగుడయ్యాడు. ‘మాను బెఱికిరి’ అన్నచోట చెట్టును పెరికారనీ, ‘మా’ అనే అక్షరాన్ని పెరికారనీ రెండర్థాలు. నేనైతే మొదటి స్థానం దీనికే ఇస్తాను.

నిర్వాహకుడు:
మాస్టారూ, చమత్కారంలో మీ మాటే మాట. అయినా నా ఓటు అక్కయ్యకే. డాలస్ వారి పద్యంలో విడుపు బయటే కూర్చుంది. ‘ఉత్వమ్ము’ అనగానే తాళంచెవి చేతికి వస్తుంది.

అనకాపల్లి తమ్ముడు:
గురువుగారూ, వచ్చే వారానికి నా సమస్య చూడండి. ఈసారి కత్తి పదం నడుమ పడుతుంది.
నడుము దీసినంత నాలి వచ్చె

రాజమండ్రి మాస్టారు:
ఊహ బాగుంది, యతి కుదరలేదు. ‘దీసినంతన్’ మీద ‘ఆలి’ వచ్చింది. ఆ నకారం ద్రుతానిది, ఆలిది కాదు. అక్కడ యతి చూడవలసింది ‘ఆ’కు. మొదటి అక్షరం ‘న’ దానికి చెల్లదు. డాలస్ వారు ‘ఉమకు’ అని ఎత్తుకొని ‘నుత్వమ్ము’లోని ఉకారానికి యతి వేశారు, చూసుకో.

అనకాపల్లి తమ్ముడు:
అంతరమ్ముఁ దీయ నాలి వచ్చె
ఇప్పుడు సరిపోయిందా మాస్టారూ?

రాజమండ్రి మాస్టారు:
సరిపోయింది. అ–ఆ, స్వరయతి.

నిర్వాహకుడు:
వచ్చే వారానికి ఇదే సమస్య. మూడక్షరాల పదం, నడిమి అక్షరం పోవాలి. విడుపు తెలిసినవారు శనివారం దాకా బయటపెట్టకండి. పొద్దున ఏమీ తినకుండా పూరణకు కూర్చున్నవారికి ముందుగా తడుతుంది, అంతకుమించి చెప్పను.